శివారు దాకా రావలసిన రూపాయి

(దివిసీమ ఉప్పెన మృతుల స్మృతిలో నవంబరు 19న నాగాయలంకలో చేసిన ఉపన్యాసం)



1977 నవంబరు 19 శనివారం ఉప్పెన దివిసీమ మీద పడింది. అప్పటికి నాకు పదిహేనేళ్లు. అవనిగడ్డలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి బతికాను. సొర్లగొంది వైపు మా పిన్ని ఇంట్లో ఐదుగురుండేవారు, ఒక్కడు మిగిలాడు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు దాదాపు పదివేల మంది. ఆ లెక్క తక్కువని ఈ సీమలో ప్రతి ఇంటికీ తెలుసు. ఏటా ఈ రోజున ఇక్కడ చేరి దీపం పెట్టుకుంటాం, పేర్లు చదువుకుంటాం. ఈసారి నన్ను మాట్లాడమన్నారు. నేను కవిని కాను, పురపాలక సంఘాల్లో టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగినవాణ్ని. నాకు తెలిసింది ప్లాన్లు, లేఅవుట్లు, చలానాలు. వాటి గురించే మాట్లాడతానంటే కమిటీవాళ్లు ఒప్పుకున్నారు. ఈ రోజున అది తగిన విషయమేనా అని నేనూ ఆలోచించాను. తగినదేనని తేలింది. ఎందుకో చెబుతాను.

ఆ రాత్రి మనవాళ్లు చనిపోయింది ఒక్క కెరటం వల్లే కాదు. పరుగెత్తడానికి రోడ్డు లేదు, ఎక్కడానికి డాబా లేదు, సముద్రానికీ ఊరికీ మధ్య నిలబడే కట్ట లేదు. ఆ తర్వాత వచ్చిన తుపాను షెల్టర్లు, రోడ్లు, కరకట్ట పనులు, వంతెనలు అన్నీ ఎవరెవరో ఇచ్చిన డబ్బుతో వచ్చాయి. దేశం నలుమూలల నుంచి చందాలొచ్చాయి, కేంద్రమిచ్చింది, రాష్ట్రమిచ్చింది, తర్వాతి రోజుల్లో ప్రపంచ బ్యాంకు అప్పూ వచ్చింది. అవి రావడంతో ఈ నేలకు విలువ వచ్చింది. ఒకప్పుడు పిల్లనివ్వడానికి జంకిన ఊళ్లలో ఇవాళ రోడ్డు పక్క భూమి సెంట్ల లెక్కన అమ్ముతున్నారు. కరకట్ట లోపల రొయ్యల చెరువులు తవ్వుతున్నారు, పొలాన్ని మెరక చేసి హద్దు రాళ్లు పాతుతున్నారు. అట్లా కొత్తగా వచ్చినవాడు ఆ కట్టకు, ఆ రోడ్డుకు, ఆ మురుగు కాలువకు ఎంత బాకీ? అది ఎవరి చేతికి ఇవ్వాలి? ఇచ్చినది ఎక్కడికి చేరాలి? ఇవాళ నేను మాట్లాడదలచింది ఇదే.

నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. ఊరి పేరు చెప్పను. ఒక పురపాలక సంఘంలో ఉండగా ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన పెద్దాయన రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి ప్లాను పెట్టుకున్నాడు. డెవలప్‌మెంట్ ఛార్జీలు, బెటర్‌మెంట్ ఛార్జీలు అన్నీ కట్టాడు. ఆ వీధికి కాలువ లేదు. వాడుకనీళ్లు ఇంటి ముందే నిలబడేవి. ఆయన ప్రతి నెలా మొదటి సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చేవాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో మడత నలగకుండా దాచుకున్న రశీదు నా బల్ల మీద పరిచేవాడు. "బాబూ, టికెట్టు కొట్టారు. బస్సు ఏది?" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట అనేవాడు కాదు. నేను ఒకరోజు అకౌంట్సు విభాగంలో కూర్చుని ఆయన డబ్బు ఎటు పోయిందో వెతికాను. సాధారణ నిధిలో కలిసింది. అందులోంచి జీతాలు వెళ్లాయి, కరెంటు బిల్లు వెళ్లింది, ఒక ట్రాక్టరు మరమ్మతుకు వెళ్లింది. ఏ ఒక్క ఖర్చూ దొంగ ఖర్చు కాదు. కాలువ మాత్రం రాలేదు. ఆ పెద్దాయన నాలుగేళ్లు తిరిగి మానేశాడు. ఆ రశీదు మీద సంతకం నాదే. అప్పటి నుంచి రుసుము అనే మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్లాస్టిక్ కవరే.

రుసుము వసూలు చేయడమే తప్పని నేను అనడం లేదు. చేసి తీరాలంటాను. ఈ మాట అనగానే మన ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "మన తాతలు ఇల్లు కట్టుకున్నప్పుడు ఎవరికి కట్టారయ్యా ఛార్జీలు?" అంటారు. కట్టారు. డబ్బుగా కాకుండా ఒంటి చాకిరీగా కట్టారు. దాన్ని కుడిమరామత్తు అనేవారు. ఇంటికొక మనిషి, చేతిలో పార. కాలువ పూడిక తీసే రోజున రాకపోతే ఊరు ఊరుకునేది కాదు. 1858లో మద్రాసు ప్రాంతానికి ఇందుకోసం నిర్బంధ శ్రమ చట్టమే చేశారు. ఆ చాకిరీ బరువు ఎక్కువగా ఎవరి వీపుల మీద పడిందో మనందరికీ తెలుసు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను కోరను. కాలువను వాడుకునేవాడు కాలువకు ఏదో ఒకటి ఇవ్వాలనే లెక్క మాత్రం ఈ డెల్టాలో కొత్తది కాదు.

ఆ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. 1832-33లో డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. దాని తర్వాతే కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాటకు బలం వచ్చింది. 1852లో మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఈస్టిండియా కంపెనీ ఆ ఆనకట్ట మీద డబ్బు ధర్మానికి పెట్టలేదు. నీళ్లు పారితే శిస్తు పెరుగుతుందని, పెట్టింది తిరిగొస్తుందని కాటన్ దొర లాంటి ఇంజనీర్లు లెక్కలు కట్టి ఒప్పించారు. తర్వాత వందేళ్లకు, 1955లో, ఆంధ్ర రాష్ట్రం బెటర్‌మెంట్ చట్టం చేసింది. సర్కారు కట్టిన ప్రాజెక్టు వల్ల నీ భూమి విలువ పెరిగితే ఆ పెరుగుదలలో కొంత సర్కారుకు ఇవ్వాలన్నది దాని సారం.

మనకు అన్నిటికన్నా దగ్గరిది 1968 నాటి చట్టం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు పోక పంటలు కుళ్లుతుంటే మిత్రా కమిటీ వచ్చి, తిరిగి, చూసి, డ్రెయిన్లను వెడల్పు చేయాలని చెప్పింది. ఆ పనికి డబ్బు కోసం డెల్టా భూముల మీద ఎకరానికింత అని డ్రెయినేజీ సెస్సు వేశారు. 1985లో పెన్నా డెల్టాను కూడా కలిపి మరో చట్టం చేశారు. మా నాన్న ఆ సెస్సు కట్టిన రైతే. ఆయన సణుక్కుంటూనే కట్టాడు. పొక్లెయినర్లు లేని రోజుల్లో మనుషులు తట్టలతో మట్టి మోస్తూ మా చేలవతల మురుగు కాలువ తవ్వుతుంటే గట్టు మీద నిలబడి చూసి, "ఇందుకైతే సరే" అన్నాడు. నా చిన్నతనంలో విన్న ఆ మాట ఇప్పటికీ నాకు కొలబద్దే. డబ్బు అడిగిన చోటే పని కనిపించింది. పని కనిపించింది కాబట్టే గొణుగుడు ఆగింది.

డబ్బు కట్టినవాడికీ పనికీ మధ్య ఈ చూపు ఉండాలని మన న్యాయస్థానాలు కూడా చెప్పాయి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు పన్ను వేరు, రుసుము వేరు అని గీత గీసింది. పన్ను కట్టినవాడికి ఇదిగో ఇది నీకు తిరిగిస్తున్నాను అని చెప్పనక్కర్లేదు. రుసుము తీసుకుంటే బదులుగా ఏదో ఒక సేవ ఉండాలి. తర్వాత 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు వచ్చింది. మన రాష్ట్రంలోని మార్కెట్ కమిటీల ఫీజు గురించిన వ్యాజ్యమే అది. అందులో కోర్టు కాస్త సడలించింది. కట్టిన పైసా, చేసిన సేవా తక్కెడలో పెట్టినట్లు సరిపోనక్కర్లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలంది. న్యాయంగా చూస్తే ఆ తీర్పులో తప్పు లేదు. ప్రతి రూపాయికీ ఎదురు లెక్క రాయమంటే ఏ సంస్థా నడవదు. కానీ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లం ఆ సడలింపును ఎంత దూరం లాగామంటే చివరకు సంబంధమే తెగిపోయింది. నా అనుభవం మీద చెబుతున్న మాట ఇది.

నగరాల్లో దీన్ని సరిచేయాలన్న ప్రయత్నం ఒకటి జరిగింది. 2006లో హైదరాబాదుకు కొత్త భవన నిబంధనలు వచ్చినప్పుడు ఎత్తయిన భవనాల మీద ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. 2012లో రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ వచ్చిన నిబంధనల్లోనూ అది ఉంది. పదంతస్తుల భవనం వస్తే ఆ వీధి రోడ్డు మీద, నీటి గొట్టం మీద, మురుగు గొట్టం మీద పడే బరువు ఒక ఇంటి బరువు కాదు, ఊరి బరువు. దానికి వేరే కట్టాలన్నారు. నాకు నచ్చిన భాగం ఏమిటంటే, ఆ డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉండాలని, అందులో సగం అదే ప్రాంతంలో ఖర్చు పెట్టాలని నిబంధనలోనే రాశారు. కాగితం మీద అంత స్పష్టంగా రాసిన మాట మన పురపాలక నిబంధనల్లో అరుదు. ఏ అపార్ట్‌మెంటు ముందు మునిగిన రోడ్డు మీద నిలబడినా ఆ వాక్యం గుర్తొస్తుంది నాకు.

ఇంకోవైపు ముందు కట్టించుకోకుండా, తర్వాత కట్టించుకునే పద్ధతి కూడా మనకు అలవాటైంది. అనుమతి లేని లేఅవుట్లు వేస్తారు, మధ్యతరగతి మనిషి పిల్ల పెళ్లికని, పదవీ విరమణ డబ్బుతోనని ప్లాటు కొంటాడు. తర్వాత ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెస్తుంది. 2007 చివర్లో వచ్చింది, 2020లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చింది. లేఅవుట్లో పదిశాతం ఖాళీ స్థలం వదలాలి కదా, వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం కట్టమంటారు. స్థలం వదలకుండా అమ్ముకున్నవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నవాడు కడుతున్నాడు. కట్టిన తర్వాత కూడా ఆ కాలనీలో పిల్లలు ఆడుకునే చోటు ఉండదు, ఎందుకంటే అక్కడ ఖాళీ జాగానే మిగల్లేదు. డబ్బుతో కొనలేనిది ఒకసారి పోతే 14 శాతం దాన్ని తేలేదు.

ఇక 2025లో వచ్చిన మార్పు మన ఊరికి నేరుగా తగిలేది. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చాలంటే 2006 నుంచి వ్యవసాయ భూమి మార్పిడి చట్టం, అంటే నాలా చట్టం, కింద రెవెన్యూకు కట్టేవాళ్లం. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం, కాగితాలు, మధ్యవర్తులు. ఇప్పుడు ఆ చట్టాన్ని రద్దు చేసి, లేఅవుటుకో భవనానికో అనుమతి తీసుకునేటప్పుడే భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి రుసుము కట్టే పద్ధతి తెచ్చారు. తిరుగుడు తగ్గుతుంది, మంచిదే. దానికన్నా ముఖ్యం, ఆ డబ్బుకు పెట్టిన పేరు. నాలా కింద కట్టింది పొలం పోయినందుకు ఇచ్చిన పన్నులాంటిది. దీని పేరులోనే బాహ్య అభివృద్ధి అని ఉంది. అంటే ప్లాటు గోడకు అవతల జరగవలసిన పనికి అని. పేరులో ఉన్న ఆ మాటను పట్టుకుని మనం నిలబడాలి.

గోడకు అవతల ఏముంటుందో మీకు చూపిస్తాను. మొన్న పొద్దున నడకకు వెళ్లినప్పుడు ఒక కొత్త వెంచరు దగ్గర ఆగాను. ఎవరిదని అడక్కండి, అట్లాంటివి సీమంతా ఉన్నాయి. రోడ్డు పక్కన పాత మురుగు బోదె ఉంది. పైన ఎనభై ఎకరాల దాకా చేల మురుగు అందులోంచే కోడులో కలుస్తుంది. వెంచరులోకి లారీలు వెళ్లడానికి బోదెకు అడ్డంగా రెండడుగుల సిమెంటు తూము ఒకటి వేసి, పైన గ్రావెల్ పోశారు. బోదె అడుగు వెడల్పు ఆరడుగులు. అంటే ఆరడుగుల్లో పారే నీరు రెండడుగుల్లోంచి దూరాలి. తూము నోట్లో గుర్రపుడెక్క ఇరుక్కుని ఉంది, దానికి ఒక కొబ్బరి మట్ట, ఒక సిమెంటు సంచి తగులుకుని ఉన్నాయి. ఇవతల నీరు మోకాలి లోతు, అవతల చీలమండ లోతు. ఆ తూము ఖరీదు, మట్టి ఖరీదు కలిపితే ఏపాటి ఉంటుంది? 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలడం మీ కళ్లతో చూశారు. అట్లాంటి రోజున ఈ ఒక్క తూము పైనున్న ఎనభై ఎకరాలకు ఎంత నష్టం చేస్తుందో రైతులైన మీరు నాకన్నా బాగా లెక్క కట్టగలరు. ఆ నష్టం తూము వేసినవాడి ఖాతాలో పడదు. పైనున్న చేను ఖాతాలో పడుతుంది. రుసుము అంటే నేను అర్థం చేసుకున్నది ఇదే. పక్కవాడి ఖాతాలో వేసి వెళ్లిపోయిన ఖర్చును వేసినవాడి ఖాతాకే మార్చడం.

ఇది వెంచర్లకే వర్తించేది కాదు. మనలో చాలామందికి చెరువులున్నాయి, కాబట్టి ఈ మాట కొంచెం కష్టంగానే చెబుతున్నాను. రొయ్యల చెరువుకు ఉప్పునీరు కావాలి, మార్చిన నీరు మురుగు కాలువలోకే వదలాలి. మేత లారీ, ఐసు లారీ, సరుకు లారీ ఎడ్లబండి కోసం వేసిన పుంత రోడ్డు మీద తిరగాలి. చెరువు గట్టు పక్క చేలోకి ఉప్పు ఊరుతుంది. నీటి తీరువాలో ఈ తేడా ఎప్పుడో గుర్తించారు. 1997 సవరణలో తొలి వరి పంటకు ఎకరానికి 200 రూపాయలు పెడితే ఆక్వాకు 500 పెట్టారు. చెరువు వరి కన్నా ఎక్కువ వాడుకుంటుందని ఒప్పుకున్నట్టే కదా. కానీ కొత్త చెరువు తవ్వేటప్పుడు, తవ్వకముందే, దానివల్ల డ్రెయినుకు ఎంత వెడల్పు కావాలి, రోడ్డుకు ఎంత మందం కావాలి అని అడిగి ఆ డబ్బు పక్కన పెట్టించే పద్ధతి లేదు. 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి సాధికార సంస్థకు చట్టం వచ్చింది, లైసెన్సులున్నాయి. లైసెన్సుతో పాటు ఆ చెరువు దిగువన ఉన్న కాలువకు వాటా కూడా ముడిపెట్టాలని నా కోరిక.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా వేధిస్తున్న చిక్కు చెబుతాను. భూమి విలువలో ఇంత శాతం అన్నప్పుడు వినడానికి అందరికీ సమానంగానే ఉంటుంది. విజయవాడ శివార్లలో ఎకరం రిజిస్ట్రేషన్ విలువ రెండు కోట్లనుకుందాం, మన దగ్గర ఇరవై లక్షలనుకుందాం. నాలుగు శాతం లెక్కన ఐదెకరాల లేఅవుటుకు అక్కడ నలభై లక్షలొస్తుంది, ఇక్కడ నాలుగు లక్షలొస్తుంది. కానీ తూము అక్కడా అంతే, ఇక్కడా అంతే. నిజానికి ఇక్కడే ఎక్కువ ఖర్చు. ఎందుకంటే మనం కాలువ చివరనున్నాం. ఆయకట్టు పైభాగంలో ఎవరు మెరక చేసినా, ఎవరు బోదె పూడ్చినా, ఆ నీళ్లు చివరకు నిలబడేది శివారు చేలోనే. పారుదల నీళ్లు రావలసినప్పుడు మనకు ఆఖరున వస్తాయి, మురుగు పోవలసినప్పుడు అందరి మురుగూ మన మీదుగానే పోతుంది. ఈ రుసుముల డబ్బు కూడా పారుదల నీళ్లలాగే పైనే ఆగిపోతే మనకు మిగిలేది మురుగే. అందుకే రుసుమును పంచాయతీ హద్దులతో లెక్కేయడం సరిపోదంటాను. ఒకే డ్రెయిను మీద ఉన్న పంచాయతీలన్నిటికీ కలిపి ఒక ఖాతా ఉండాలి. ఎగువన మోపిదేవిలో వేసిన లేఅవుటు రుసుములో కొంత ఆ కాలువ వెంటే దిగి నాగాయలంక దాకా రావాలి.

పైన పట్టించుకోకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో చూశాం. బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఏళ్ల తరబడి దాని ఒడ్డున ఇళ్లు లేచాయి, అనుమతులు ఇచ్చాం, కొన్నిచోట్ల ఇవ్వకపోయినా కళ్లు మూసుకున్నాం. పన్నులు కట్టించుకున్నాం. ఏరు మాత్రం వెడల్పు కాలేదు, పైగా ఇరుకైంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలారు. అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. ఆ నీళ్లు ఎటు వచ్చాయో లంకల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇతర దేశాల సంగతి ఒకటి చెప్పి మన ఊరికి వస్తాను. మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో ఇల్లు కొన్నాడు. మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. ఆ ఊళ్లో ప్రతి కొత్త ఇంటి మీదా రోడ్డుకు, నీటికి, మురుగుకు ఇంపాక్ట్ ఫీజు పడుతుంది. ఇల్లు కట్టి అమ్మే కంపెనీ కడుతుంది, ధరలో కలుపుకుంటుంది. 1987లో టెక్సాస్ చేసిన చట్టం ప్రకారం ముందు ఏ ప్రాంతానికి ఏ పనులు కావాలో ప్రణాళిక రాయాలి, తర్వాతే ఫీజు నిర్ణయించాలి. డబ్బు వేరే ఖాతాలో ఉంచాలి. పదేళ్లలో ఖర్చు పెట్టకపోతే వెనక్కి ఇవ్వాలి. నాకు ఈ చివరి మాటే నచ్చింది. మన కండక్టరు పెద్దాయనకు అట్లాంటి హక్కు ఉండి ఉంటే ఆ నాలుగేళ్లు వృథా అయ్యేవి కావు. అక్కడ కూడా అంతా సవ్యంగా లేదు. కాలిఫోర్నియాలో ఎల్ డొరాడో కౌంటీలో సొంత స్థలంలో చిన్న ఇల్లు పెట్టుకోబోయిన ఒక మనిషిని ట్రాఫిక్ ఫీజు కింద 23 వేల డాలర్లకు పైగా కట్టమన్నారు. ఆయన ఒక్కడి కారు వల్ల రోడ్డుకు అంత బరువా అని కోర్టుకెక్కాడు. చట్టసభ పెట్టిన ఫీజైనా సరే, పడిన భారానికీ అడిగిన డబ్బుకూ పొంతన ఉందో లేదో పరీక్షకు నిలబడాల్సిందేనని 2024 ఏప్రిల్లో వాళ్ల సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. చిన్న ఇంటివాడి మీద పెద్ద భవనం లెక్క వేయకూడదన్న మాట మనకూ పనికొస్తుంది. సొంతానికి చిన్న ఇల్లు కట్టుకునేవాడిని ఈ రుసుము నుంచి పూర్తిగా తప్పించాలి. పేదలకు ఇళ్ల స్థలాలని ప్రభుత్వం పల్లపు చేలల్లో వేసిన కాలనీల్లో మురుగు పని ప్రభుత్వమే చేయాలి, ఎందుకంటే అక్కడ లేఅవుటు వేసింది ప్రభుత్వమే.

"ఎంత రుసుము వేసినా చివరకు కొనేవాడి నెత్తినే పడుతుంది కదా" అని అడుగుతారు. కొంత నిజమే. రుసుము ఎంతో ముందే తెలిస్తే వెంచరు వేసేవాడు పొలం కొనేటప్పుడే ఆ మేరకు తగ్గించి బేరమాడతాడు. అప్పుడు బరువు రేట్లు పెరిగి లాభపడే భూమి మీద పడుతుంది. చెప్పాపెట్టకుండా మధ్యలో వేస్తే కొనేవాడి మీద పడుతుంది. అందుకే రేటు ఏడాదికొకసారి మార్చకుండా, పది కాలాలు నిలిచేట్టు ముందే ప్రకటించాలి. ఇది పెద్ద ఆర్థిక శాస్త్రం కాదు, మన సంతలో బేరం చేసే ప్రతివాడికీ తెలిసిందే.

మన మండలానికి రాబోయే అతి పెద్ద కట్టడం వెంచరూ కాదు, చెరువూ కాదు. గుల్లలమోద దగ్గర డీఆర్‌డీవో క్షిపణి పరీక్షా కేంద్రం. 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధాని దానికి శంకుస్థాపన చేశారు. విలువ దాదాపు 1,460 కోట్లు. దేశ రక్షణ కోసం మన తీరం ఎంపికైనందుకు నాకు గర్వంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద రాష్ట్రాలు, స్థానిక సంస్థలు పన్ను వేయకూడదని రాజ్యాంగం 285వ అధికరణం చెబుతుంది. ఆ కేంద్రానికి వెళ్లే బరువైన వాహనాలు మన రోడ్ల మీదుగానే వెళతాయి. ఇందుకు ఒక దారి ఉంది. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందు కేంద్రం ఒప్పుకుంది. పన్ను కట్టకపోయినా, వాడుకున్న సేవలను బట్టి ఆస్తిపన్నులో 75 శాతం, 50 శాతం, లేదా మూడోవంతు సేవా ఛార్జీగా ఇస్తామని. ఆ దారిలో మన పంచాయతీలు ఇప్పటి నుంచే కాగితాలు సిద్ధం చేసుకోవాలి. నిర్మాణం పూర్తయ్యాక అడిగితే పని ఆలస్యమవుతుంది.

నమ్మకం గురించి ఒక్క మాట. కొన్నేళ్ల కిందట పంచాయతీల ఖాతాల్లోకి వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుకున్నప్పుడు రాష్ట్రంలో సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. అట్లా చేసే రోజులున్నంత కాలం ఏ రుసుమైనా జనం కళ్లకు జరిమానాలానే కనిపిస్తుంది. అందుకే ఈ రుసుము ఖాతాను చట్టంలోనే కట్టిపడేయాలి. ఏ లేఅవుటు నుంచి, ఏ చెరువు నుంచి ఎంత వచ్చింది, ఏ తూము మార్చారు, ఏ డ్రెయిను పూడిక తీశారు అన్నది పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. కంప్యూటర్లో ఉంటుంది చూసుకోండి అంటే చాలదు. ముసలి రైతు నడిచి వచ్చి చదువుకోగలగాలి.

మా పిన్ని ఇంట్లో మిగిలినవాడు మొన్నమొన్నటి దాకా ఉన్నాడు. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ సామాను సర్దకముందు కరకట్ట దాకా నడిచి వెళ్లి కట్ట ఎట్లా ఉందో చూసి వచ్చేవాడు. ఎక్కడ ఎలుక బొరియ ఉందో, ఎక్కడ లారీ చక్రానికి గట్టు దిగిందో వాడికి కొట్టినపిండి. ఆ కట్ట పక్కన చెరువు తవ్వుకున్న మనం, ఆ రోడ్డు పక్కన ప్లాటు కొన్న మనం వాడిలాగా ఒకసారి వెళ్లి చూడగలమా అని అడుగుతున్నాను.

వచ్చే గ్రామసభకు రండి. మన పంచాయతీలో పోయిన ఏడాది ఎన్ని లేఅవుట్లకు, ఎన్ని భవనాలకు అనుమతులిచ్చారు, ఎంత రుసుము వచ్చింది, అది ఏ ఖాతాలో ఉంది అని అడగండి. జవాబు చెప్పేదాకా కూర్చోండి. నేను ముందు వరసలో ఉంటాను.